యూక్లిడ్‌కి వారానికి రెండు రోజులు: క్లాసికల్ స్కూల్లో హైస్కూల్ గణితం

(అమెరికాలో క్లాసికల్ స్కూళ్లలో, అంటే లాటిన్, తర్కం, మూల గ్రంథాలు ప్రధానంగా పాతకాలపు పద్ధతిలో చదువు చెప్పే స్కూళ్లలో, పనిచేసే తెలుగు ఉపాధ్యాయులు, అక్కడ పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులు కలిసిన సమావేశంలో ఒక గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు మిమ్మల్నే ఒకటి అడుగుతాను. మీ స్కూల్లో పన్నెండో తరగతి ముగించి బయటికి వెళ్లే పిల్లకి గణితంలో ఏం చేతనవ్వాలి? ఒక్క క్షణం ఆలోచించండి.

ఇది ఎక్కడ అడిగినా నాకు కోర్సుల పేర్లే చెబుతారు. ఆల్జీబ్రా వన్, జామెట్రీ, ఆల్జీబ్రా టూ, ప్రీకాలిక్యులస్, కుదిరితే కాలేజీ స్థాయి ఏపీ కాలిక్యులస్. నేనడిగింది అది కాదండీ. ఏ కోర్సుల్లో కూర్చుంది అని అడగలేదు. ఏం చేతనవ్వాలి అన్నాను.

నా జవాబు ఇది. ఒక సిద్ధాంతం ఇచ్చి, చేతిలో కాగితం లేకుండా బోర్డు దగ్గర నిలబెట్టి, "ఇది ఎందుకు నిజం?" అంటే మొదటి నుంచి చివరిదాకా చెప్పగలగాలి. మధ్యలో ఎవరైనా "ఆగాగు, ఇదెక్కణ్నుంచి వచ్చింది?" అంటే కారణం చూపించగలగాలి. లేదంటే "నిజమే, ఇక్కడ నా దగ్గర కారణం లేదు" అనగలగాలి. రెండోది మరీ కష్టం. పెద్దవాళ్లకే చేతకాదు అది.

ఈ ఒక్కటి చేతనవ్వాలంటే నాలుగేళ్లు ఎలా పంచుకోవాలి? ఈ రోజు నేను మాట్లాడేదంతా ఇదే. చాలా స్కూళ్లు పన్నెండో తరగతిలో కాలిక్యులస్ పెట్టుకుని అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తాయి. పన్నెండులో అది రావాలంటే పదకొండులో ఇది, పదిలో ఇది, కాబట్టి ఏడులోనో ఎనిమిదిలోనో ఆల్జీబ్రా మొదలు. రుజువుకి అందులో చోటెక్కడ? జామెట్రీ ఏడాదిలో ఒక ఆరు వారాలు, రెండు నిలువు వరుసల పట్టికలో ఎడమవైపు వాక్యం, కుడివైపు కారణం. అంతే. ఆ తర్వాత మళ్లీ ఆ మాటే వినపడదు.

ఇందులో వింతేమిటో చెప్పనా? మనది క్లాసికల్ స్కూల్ అంటాం. పాత యూరప్ చదువులోని ఏడు విద్యల గురించి గోడ మీద బొమ్మ వేయించుకుంటాం. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం మూడు. మిగతా నాలుగు ఏమిటి? అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. ఏడింట్లో నాలుగు గణితమేనండీ. పాతవాళ్ల లెక్కలో సంగీతం కూడా నిష్పత్తుల శాస్త్రమే. మరి మన స్కూల్లో లాటిన్ క్లాసు చూడండి, సాహిత్యం క్లాసు చూడండి, మూల గ్రంథం బల్ల మీద ఉంటుంది, పిల్లలు వాదించుకుంటుంటారు. పక్క గదిలో గణితం క్లాసుకి వెళ్లండి. ఏ స్కూల్లోనైనా కనపడే పాఠ్యపుస్తకం, ఒకటి నుంచి నలభై దాకా లెక్కలు, బేసి సంఖ్యలవి ఇంటికి. తలుపు దాటితే స్కూలే మారిపోయినట్టుంటుంది.

ఇంగ్లిష్ రచయిత్రి డొరొతీ సేయర్స్ 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగం ఈ క్లాసికల్ స్కూళ్ల ఉద్యమానికి ఊపిరి అని మీకందరికీ తెలుసు. అందులో ఆమె గణితాన్ని తర్కంలో ఒక ఉపశాఖగా లెక్కగట్టింది. నేను సగమే ఒప్పుకుంటాను. గణితంలో తర్కం ఉంది, కాదనను. కానీ సంఖ్యని, ఆకారాన్ని, నిష్పత్తిని కళ్లారా చూసే పని కూడా ఉంది. ఆ చూపు లేకుండా తర్కం ఒక్కటే నేర్పితే పిల్లాడు గుమస్తా అవుతాడు. సరే, దీనిమీద వాదన తర్వాత పెట్టుకుందాం.

ఇక ప్లాన్ దగ్గరికి వస్తాను. నేను చెప్పేది ఇది: తొమ్మిది, పది తరగతుల్లో ఆల్జీబ్రా, జామెట్రీ పక్కపక్కన నడపండి. వారానికి మూడు రోజులు ఆల్జీబ్రా, రెండు రోజులు యూక్లిడ్, అంటే ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ రాసిన 'ఎలిమెంట్స్' గ్రంథంతో జామెట్రీ. రెండేళ్లూ అలాగే.

కొత్తగా ఉందా? కొత్తదేం కాదు. హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ నాయకత్వంలో 1892లో ఈ దేశంలో పదిమంది సభ్యుల సంఘం ఒకటి ఏర్పడింది. హైస్కూల్లో ఏం చెప్పాలో తేల్చడానికి. ఆ సంఘానికి గణితం వాళ్లిచ్చిన సిఫార్సు చూడండి. పద్నాలుగేళ్లకి ఆల్జీబ్రా మొదలుపెట్టాలి, ఏడాది పోయాక నిరూపణలతో కూడిన జామెట్రీ మొదలుపెట్టి ఆ తర్వాత రెండేళ్లు రెండూ పక్కపక్కనే నడపాలి, వారానికి దానికి రెండున్నర గంటలు, దీనికి రెండున్నర గంటలు. ఒక ఏడాది ఇది, ఒక ఏడాది అది అని ముక్కలుగా పేర్చిన వరస మనకి ఎంత అలవాటైపోయిందంటే, అది ప్రకృతి నియమం అనుకుంటున్నాం.

ఎందుకు పక్కపక్కన? మొదటి కారణం మీకందరికీ అనుభవమే. జామెట్రీ ఏడాది ముగిసేసరికి పిల్లలు ఆల్జీబ్రా మరిచిపోతారు. ఆల్జీబ్రా టూలో మొదటి రెండు నెలలు పాతదాని తవ్వకానికే పోతాయి. అవునా, కాదా? రెండో కారణం ఇంకా ముఖ్యం. రుజువు చేయడం నెమ్మదిగా ఒంటబట్టే పని. ముప్ఫయ్యారు వారాల్లో రోజూ రుద్దినా రానిది, డెబ్బై రెండు వారాలు వారానికి రెండుసార్లు చేస్తే వస్తుంది. మధ్యలో వయసు కూడా పెరుగుతుంది కదా. పద్నాలుగేళ్ల పిల్లాడికి, పదహారేళ్ల పిల్లాడికి ఆ తేడా చాలా ఉంటుంది.

మూడో కారణం ఒక ఉదాహరణతో చెబుతాను. ఇది నాకు బాగా ఇష్టమైంది, కొంచెం ఓపిక పట్టండి. ఒక సంఖ్య ఉంది. దాని వర్గానికి, దానికి పది రెట్లు కలిపితే 39 అవుతుంది. ఆ సంఖ్యేది? తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ ఇచ్చిన లెక్క ఇది. ఆయన కూడా నాలాగే మాటల్లోనే చెప్పాడు, గుర్తులేమీ వాడలేదు. మన క్లాసులో ఏం చేస్తాం? సూత్రం ఇస్తాం. పాట కట్టి మరీ బట్టీ పట్టిస్తాం. ఆయనేం చేశాడు? ఒక చతురస్రం గీశాడు, భుజం మనకి తెలియని సంఖ్య. దానికి రెండు పక్కల చెరో దీర్ఘచతురస్రం అతికించాడు, వెడల్పు ఐదు. పదిలో సగం అన్నమాట. ఈ మూడూ కలిపి 39. ఇప్పుడు మూల దగ్గర ఒక ఖాళీ మిగిలింది. ఐదు బై ఐదు, 25. అది పూడ్చాడు. మొత్తం 64. పెద్ద చతురస్రం భుజం ఎనిమిది. ఐదు తీసేస్తే మూడు.

"వర్గం పూర్తిచేయడం" అని పుస్తకంలో రాసి ఉంటుంది. ఏ వర్గాన్ని పూర్తి చేస్తున్నామో పిల్లలు ఎప్పుడైనా చూశారా? ఇప్పుడు యూక్లిడ్ రెండో పుస్తకం నాలుగో ప్రతిపాదన తీయండి. ఒక గీతని రెండు ముక్కలు చేస్తే, మొత్తం గీత మీది చతురస్రం, రెండు ముక్కల మీది చతురస్రాలకి, రెండు దీర్ఘచతురస్రాలకి కలిపి సమానం. అదే బొమ్మ! మంగళవారం ఈ ప్రతిపాదన బోర్డు మీద నిరూపిస్తారు, బుధవారం ఆల్జీబ్రాలో ఇదే లెక్క. ఒక్క రోజు తేడా. ముక్కలుగా పేర్చిన వరసలో ఈ రెండింటికీ మధ్య ఏడాది దూరం ఉంటుంది, టీచరు కూడా వేరు.

అక్కడితో ఆపకండి. ఈ లెక్కకి ఇంకో జవాబుంది, రుణ 13. వేసి చూసుకోండి, 169లోంచి 130 పోతే 39. అల్ ఖ్వారిజ్మీ అది చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? పిల్లల్నే అడగండి. చతురస్రానికి రుణ భుజం ఉంటుందా? బొమ్మ ఎక్కడిదాకా మనల్ని తీసుకెళుతుంది, ఎక్కణ్నుంచి గుర్తులు మాత్రమే వెళ్లగలవు? ఆ రోజు క్లాసు ముగిసినా పిల్లలు లేవరు. నా మాట నమ్మండి.

సరే, యూక్లిడ్ ఎంత చెప్పాలి? పదమూడు పుస్తకాలు, 465 ప్రతిపాదనలు. మొత్తం చెబుతాం అనేవాళ్లని చూస్తే నాకు భయం. మొదటి పుస్తకం మాత్రం పూర్తిగా చెప్పండి, 48 ప్రతిపాదనలు, ఒక్కటీ వదలకుండా. వారానికి రెండు రోజులు, ముప్ఫయ్యారు వారాలు, అంటే 72 పీరియడ్లు. 48కి తలా ఒకటి అనుకుంటే 24 మిగులుతాయి. పరీక్షలకి, సెలవులకి కొన్ని పోతాయి. కొన్ని ప్రతిపాదనలకి రెండేసి పీరియడ్లు కావాలి. కొన్ని ఒక పీరియడ్లో రెండు అయిపోతాయి. సరిపోతుంది. రెండో ఏడాది మూడో పుస్తకంలోంచి వృత్తాలు, నాలుగులోంచి పంచభుజి, ఆరులోంచి సరూప త్రిభుజాలు, ఏడులోంచి గరిష్ఠ సామాన్య భాజకం, తొమ్మిదిలోంచి ప్రధాన సంఖ్యలు అనంతమనే రుజువు. ఐదో పుస్తకం అనుపాత సిద్ధాంతం గొప్పదే, కానీ పదో తరగతికి బరువెక్కువ. దాని నిర్వచనం ఒక్కటి చూపించి ముందుకెళ్లండి. నన్ను తిట్టేవాళ్లు తిట్టుకోవచ్చు.

మొదటి పుస్తకం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. మొట్టమొదటి ప్రతిపాదన, సమబాహు త్రిభుజం గీయడం. ఒక గీత, రెండు చివర్ల నుంచి రెండు వృత్తాలు, అవి కలిసే చోటు మూడో శీర్షం. ఎంత తేలిక! ఇప్పుడు మీరు క్లాసులో ఒక్క మాటా చెప్పకుండా కూర్చోండి. ఏదో ఒకరోజు ఒక పిల్ల లేస్తుంది. "సార్, ఆ రెండు వృత్తాలు కలుస్తాయని ఎక్కడుంది?" అంటుంది. ఎక్కడా లేదు! రుజువు లేకుండా ఒప్పుకుని మొదలుపెట్టే ఐదు స్వీకృతాల్లో లేదు, సామాన్య భావనల్లో లేదు. రెండువేల ఏళ్లకి పైగా ప్రపంచం చదివిన పుస్తకం, మొదటి పేజీలోనే చిల్లు. ఆ చిల్లు పద్నాలుగేళ్ల పిల్లకి కనపడింది. టీచరు ముందే చెప్పేస్తే ఆ క్షణం పోతుంది. దయచేసి చెప్పకండి.

ఐదో ప్రతిపాదన, సమద్విబాహు త్రిభుజంలో భూమి దగ్గరి కోణాలు సమానం. యూక్లిడ్ భుజాల్ని కిందికి పొడిగించి పెద్ద చిక్కుముడి బొమ్మ గీస్తాడు. పాపస్ అని తర్వాతి ఆయన త్రిభుజాన్ని తిరగేసి దానితోనే పోల్చి రెండు వాక్యాల్లో తేల్చేశాడు. రెండూ పెట్టి ఏది మేలో వాదించుకోమనండి. ఇక ఐదో స్వీకృతం, సమాంతర రేఖలది. యూక్లిడ్ దాన్ని 28 ప్రతిపాదనల దాకా ముట్టుకోడు. 29లో మొదటిసారి వాడతాడు. ఎందుకంత వెనకాడాడు? ఈ ప్రశ్న తొమ్మిదో తరగతిలో వేసి జవాబు చెప్పకుండా వదిలేయండి. పన్నెండులో పనికొస్తుంది, చెబుతాను.

క్లాసు నడిపే పద్ధతి కూడా సిలబస్‌లో భాగమే. చీటీ తీసి ఒకరిని పిలవాలి. పుస్తకం మూసి, వృత్తలేఖిని, స్కేలు తీసుకుని బోర్డు దగ్గరికి. మిగతావాళ్లు అడ్డుతగలాలి. టీచరు వెనక బల్ల మీద కూర్చోవాలి. బట్టీ పట్టి వచ్చినవాణ్ని ఎలా పట్టుకుంటారు అంటారా? బొమ్మలో అక్షరాలు మార్చండి. త్రిభుజం తలకిందులుగా గీయమనండి. అంతే, తెలిసిపోతుంది. అబ్రహాం లింకన్ కాంగ్రెస్ సభ్యత్వం ముగిశాక, నలభై ఏళ్ల ప్రాయంలో, యూక్లిడ్ మొదటి ఆరు పుస్తకాలూ చదివి దాదాపు వశం చేసుకున్నాడు. 1860లో రాసుకున్న జీవిత వివరాల్లో ఆ సంగతి ఆయనే చెప్పాడు. ఆయన కాలేజీకి పోలేదు, పరీక్ష రాయలేదు. ఏ మార్కుల కోసం చదివాడంటారు?

పదకొండో తరగతి గురించి తొందరగా చెబుతాను, ఎందుకంటే అది ఎక్కువగా అందరికీ తెలిసిన ఆల్జీబ్రా టూ, త్రికోణమితే. పుస్తకం మంచిది పెట్టుకుని లెక్కలు బాగా చేయించండి. ఒక్కటి మాత్రం కలపండి. ఘాతాంకాలు, సంవర్గమానాలు చెప్పేటప్పుడు ఒక తీగ తెచ్చి పెట్టండి. తీగ పొడవుల నిష్పత్తి 2:1 అయితే పై షడ్జమం, 3:2 అయితే పంచమం. పన్నెండు పంచమాలు ఎక్కుతూ పోతే ఏడు స్థాయిలు ఎక్కినట్టు ఉండాలి కదా? అంటే 3/2 పన్నెండో ఘాతం, రెండు ఏడో ఘాతం సమానం కావాలి. హారంలోని రెండు పన్నెండో ఘాతాన్ని అటు పంపి లెక్కేస్తే మూడు పన్నెండో ఘాతం 531441. రెండు పంతొమ్మిదో ఘాతం 524288. కలవవు! ఎప్పటికీ కలవవు, ఎందుకంటే ఒకటి బేసి, ఒకటి సరి. శ్రుతి చేసేవాళ్లని వేల ఏళ్లు ఏడిపించిన తేడా ఒక్క వాక్యంలో రుజువైపోయింది. క్వాడ్రివియం, అంటే ఇందాక చెప్పిన ఆ నాలుగు విద్యలు, అని వేరే కోర్సు పెట్టనక్కర్లేదండీ. ఇలా గణితంలోనే వస్తుంది.

పన్నెండో తరగతి. కాలిక్యులస్ వద్దని నేను అనడం లేదు. ఈ గదిలో సగం మంది ఇంజనీర్లే, నన్ను బతకనివ్వరు. కాలిక్యులస్‌కి తయారైనవాళ్లు చదవాలి. కానీ భిన్నాలు కలపడం తడబడేవాడికి అవకలనం చెప్పడం నేల విడిచి సాము. నా ఉద్దేశంలో అందరికీ ఆర్కిమెడిస్ ఒక ఆరు వారాలు కావాలి. పరావలయ ఖండం వైశాల్యం, అందులో ఇమిడిన త్రిభుజానికి మూడింట నాలుగు వంతులని ఆయన తేల్చాడు. ఒకటి, నాలుగో వంతు, పదహారో వంతు... అలా కలుపుకుంటూ పోయాడు. అవధి అనే ఆలోచన అక్కడ కళ్లకి కడుతుంది. ఆ తర్వాత దారులు చీలనివ్వండి. ఒక దారి ఏపీ కాలిక్యులస్‌కి. రెండో దారిలో సగం ఏడాది సంభావ్యత, గణాంకాలు. మనవాళ్లు దీన్ని మరీ చిన్నచూపు చూస్తారు, చూడకూడదు. మిగతా సగంలో ఆ ఐదో స్వీకృతం దగ్గరికి మళ్లీ రండి. 1733లో సాకేరీ దాన్ని రుజువు చేయబోయి, వింత ఫలితాలు కనుక్కుని కూడా వాటిని నమ్మలేకపోయాడు. 1829లో లొబచేవ్‌స్కీ, 1832లో బోయాయి అది లేకుండానే ఇంకో రేఖాగణితం కట్టి చూపించారు. త్రిభుజం కోణాల మొత్తం 180 కంటే తక్కువ! తొమ్మిదో తరగతిలో ఆ మొత్తం 180 అని చెప్పే 32వ ప్రతిపాదన తానే నిరూపించిన పిల్లాడికి ఇది ఎంత పెద్ద దెబ్బో ఊహించండి. ఏ వాక్యం మీద తన రుజువు నిలబడిందో వెతుక్కుంటూ వెనక్కి పోతాడు. నేను మొదట చెప్పిన చేతనవడం అంటే అదే.

కాలిక్యులేటర్ సంగతి అడుగుతారని తెలుసు. తొమ్మిది, పదిలో అసలు వద్దు. పదకొండులో త్రికోణమితికి ఇవ్వండి. కాలేజీ ప్రవేశానికి రాసే ఇప్పటి డిజిటల్ శాట్‌లో గణితం మొత్తానికీ కాలిక్యులేటర్ తెర మీదే ఉంటుంది. దాన్ని వాడటం నేర్పడానికి కొద్ది వారాలు చాలు. క్లాసికల్ స్కూళ్ల పిల్లలు చాలామంది రాసే సీఎల్‌టీలో (క్లాసిక్ లెర్నింగ్ టెస్ట్, అదీ కాలేజీ ప్రవేశ పరీక్షే) అయితే కాలిక్యులేటరే లేదు. రెండు పరీక్షలకీ భిన్నాలు, శాతాలు, గుర్తులు తిప్పడం చేతిలో ఉండాలి. అందుకే తొమ్మిదో తరగతిలో చేరేటప్పుడు భిన్నాల పరీక్ష పెట్టండి. తప్పినవాళ్లకి వేసవిలో భిన్నాలు చెప్పండి. మొహమాటపడితే నాలుగేళ్లు అనుభవిస్తారు.

ఇంకో మాట, ఇది టీచర్లకి. క్లాసికల్ అనగానే కొందరు గణితం క్లాసుని కథల క్లాసు చేస్తున్నారు. ఆర్కిమెడిస్ స్నానాల తొట్టి, పైథాగరస్ శిష్యులు, ఇలా. చెట్టు పేరు చెప్పి కాయలమ్మడం అంటే ఇదే. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కదా, పద్యం ఎంత బాగున్నా లోపల లెక్క ఉంది, అది చేయాలి. చరిత్ర పది నిమిషాలు, లెక్క నలభై నిమిషాలు. ఇంతకు మించితే ఊరుకోవద్దు.

ఎవరు చెబుతారు ఇదంతా? గణితంలో డిగ్రీ ఉన్నవాళ్లు యూక్లిడ్‌ని చూసి ఉండరు. యూక్లిడ్ అంటే ముచ్చటపడే మానవీయ శాస్త్రాల వాళ్లకి వర్గ సమీకరణం భయం. ఇద్దర్నీ వేసవిలో ఒక గదిలో కూర్చోబెట్టి మొదటి పుస్తకం బోర్డు మీద చేయించండి. టీచర్లు కూడా చీటీ తీసే వెళ్లాలి. ప్రిన్సిపాల్‌తో సహా, అవునండీ.

తల్లిదండ్రులు అడిగేది నాకు తెలుసు, "మా వాడు వెనకబడిపోడా?" అని. ఏడో తరగతిలో ఆల్జీబ్రా అయిపోయిన పక్కింటి పిల్లాడితో పోలిస్తే కోర్సు పేర్లలో వెనకే ఉంటాడు. ఒకటి రెండు మెట్లు, అంతే. కాలేజీలో మొదటిసారి "నిరూపించుము" అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎవరు ఎక్కడుంటారో అప్పుడు చూద్దాం.

ఆచరణలో ఒక్క సలహా. నాలుగు తరగతులూ ఒకేసారి మార్చకండి. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి ఒక్కటే మార్చండి, ఆ పిల్లలతోపాటే ప్లాన్ పైకి వెళ్తుంది. ఇప్పటికే పదిలో ఉన్నవాళ్లని పాత వరసలోనే ముగించనివ్వండి. మధ్యలో వేరే స్కూల్ నుంచి వచ్చే పిల్లల సంగతి నిజంగా చిక్కే, జామెట్రీ ఏడాది అయిపోయి వచ్చినవాణ్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? నేనైతే యూక్లిడ్ రోజులకి తొమ్మిదో తరగతితో, ఆల్జీబ్రా రోజులకి తన తరగతితో కూర్చోబెడతాను. అందుకు రెండు తరగతుల గణితం ఒకే పీరియడ్లో పడేలా టైంటేబుల్ వేయాలి. ఆ పని జులైలోపే చేసుకోండి, ఆగస్టులో ఎవరూ మీ మాట వినరు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏం రాయాలని ఇందాకటి నుంచి ఆవిడ చెయ్యెత్తి ఉన్నారు. రెండేళ్లు ముగిశాక ఆల్జీబ్రా వన్ ఒక క్రెడిట్, జామెట్రీ ఒక క్రెడిట్ అని మామూలు పేర్లతోనే రాయొచ్చు. తొమ్మిది ముగిశాకే వెళ్లిపోయే పిల్లలకి ఎలా రాయాలన్నదేనా అమ్మా మీ ప్రశ్న? చెప్పండి, మైకు అటు ఇస్తున్నారు.